అది బద్ధకం కాదు, జబ్బులో మిగిలిన సగం

పొద్దున ఎనిమిదింటికి తల్లి తెచ్చిపెట్టిన టీ గ్లాసు పదింటికి కూడా కిటికీ గూట్లో అలాగే ఉంటుంది. పైన మీగడ కట్టి, అంచు మీద ఈగ వాలి ఉంటుంది. మంచం మీద ముప్పై నాలుగేళ్ల కొడుకు మెలకువగానే ఉన్నాడు. గోడకేసి చూస్తున్నాడు. "లేరా నాన్నా, మొహం కడుక్కో" అంటే "ఊఁ" అంటాడు, లేవడు. కోపం లేదు, గొడవ లేదు. పదేళ్ల కిందట ఇదే కుర్రాడు, తన ఆలోచనలు పక్కింటివాళ్లకు వినబడిపోతున్నాయని, టీవీలో వార్తలు చదివే ఆమె తనకే సైగలు చేస్తోందని అర్ధరాత్రి వీధిలోకి పరిగెత్తాడు. మందులు మొదలయ్యాక ఆ భయాలు పోయాయి, చెవిలో గొంతులు ఆగాయి. కానీ వాళ్ల అబ్బాయి మాత్రం వాళ్లకు తిరిగి దక్కలేదు. చుట్టపుచూపుగా వచ్చిన మేనమామ రెండు రోజులు చూసి, "ఏముందక్కా, తిని కూర్చోవడం అలవాటైంది, బద్ధకం" అని తేల్చేసి వెళ్లిపోతాడు.

స్కిజోఫ్రీనియా పాతబడిన ఇళ్లలో ఎక్కువగా కనిపించేది ఈ నిశ్శబ్దమే. లేని గొంతులు వినబడటం, లేనిపోని అనుమానాలు గట్టిగా నాటుకోవడం వంటివాటిని డాక్టర్లు పాజిటివ్ లక్షణాలంటారు. ఉండకూడనివి వచ్చి చేరాయన్న అర్థంలో అన్న మాట అది. ఉండాల్సినవి తరిగిపోతే అవి నెగటివ్ లక్షణాలు. మాట తగ్గుతుంది, మొహంలో కదలిక తగ్గుతుంది, ఏదైనా చేద్దామన్న తలంపే పుట్టదు. మొదటి రకం లక్షణాలు వీధినంతా లేపుతాయి కాబట్టి నలుగురూ కలిసి ఆస్పత్రికి తీసుకెళ్తారు. రెండో రకం ఎవరి నిద్రా చెడగొట్టవు. అందుకే వాటికి వైద్యం అందదు, బద్ధకం అన్న నింద మాత్రం అందుతుంది. ఉద్యోగం, చదువు, పెళ్లి, స్నేహం నిలవకుండా పోయేది ఎక్కువగా ఈ రెండో రకంతోనే. వాటికి తోడు ఏకాగ్రత, జ్ఞాపకం కూడా దెబ్బతింటాయి.

ఇలాంటి మనిషికి రోజూ వేసుకునే యాంటీ సైకోటిక్ మాత్రతో పాటు ఒక ఉత్తేజక మందును తోడుగా ఇస్తే లేచి తిరుగుతాడా? ఈ ప్రశ్న మానసిక వైద్యంలో కొత్తదేమీ కాదు. అయినా దీన్ని గట్టిగా తేల్చే పరీక్ష ఇంతవరకు జరగలేదు. ఒకవైపు భయం, మరోవైపు లాభం రాదన్న లెక్క దాన్ని పక్కన పెట్టించాయి. భయంలో న్యాయం ఉంది. రెండోదానిలో లేదు.

భయం ఎందుకు పుట్టిందో చూడాలి. ఉత్తేజకాల్లో ఒకటైన ఆంఫెటమిన్‌ను 1887లో లాజార్ ఎడెల్యానూ అనే రుమేనియా రసాయన శాస్త్రవేత్త మొదట తయారుచేశాడు. అది మనిషి మీద ఏం చేస్తుందో తెలియడానికి నలభై ఏళ్లు పట్టింది. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు కుదురులేని పిల్లలకు దాన్నిచ్చి, వాళ్లు కుదురుగా కూర్చుని చదవడం గమనించాడు. 1944లో స్విట్జర్లాండ్‌కు చెందిన సీబా కంపెనీలో లియాండ్రో పానిజోన్ మిథైల్ ఫెనిడేట్ అనే మరో ఉత్తేజకాన్ని తయారుచేశాడు. ఆ మాత్రకు అతని భార్య మార్గరీట్ ముద్దుపేరు 'రీటా' మీదుగా రిటాలిన్ అని పేరొచ్చింది. ఈలోగా రెండో ప్రపంచ యుద్ధం ఈ మందుల ఇంకో ముఖాన్ని బయటపెట్టింది. జపాన్‌లో సైనికులకు, ఫ్యాక్టరీ కార్మికులకు ఇచ్చిన మెథాంఫెటమిన్ నిల్వలు యుద్ధం ముగిశాక బజారులోకొచ్చాయి. మతి చలించినవాళ్లతో ఆస్పత్రులు నిండి, 1951లో అక్కడి ప్రభుత్వం ప్రత్యేక చట్టమే తేవాల్సి వచ్చింది. 1958లో లండన్‌లో ఫిలిప్ కానెల్ 42 మంది కథలను ఒక పుస్తకంగా అచ్చువేశాడు. వాళ్లంతా ఆంఫెటమిన్ వాడినవాళ్లు. ఎవరో వెంటాడుతున్నారన్న భయం, చెవిలో గొంతులు వాళ్లకూ ఉన్నాయి. చూస్తే స్కిజోఫ్రీనియాకూ దానికీ తేడా పట్టలేనంత పోలిక.

ఇక ఆ తర్వాత పాఠ్యపుస్తకాల్లో ఒకటే మాట: సైకోసిస్ (లేని గొంతులు, లేనిపోని అనుమానాలు) ఉన్నవారికి ఉత్తేజకాలు ఇవ్వకూడదు.

అసలు స్కిజోఫ్రీనియాకు పనిచేసే మందులు దొరికింది కూడా ఆ 1950లలోనే. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజిన్ వాడి చూశారు. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1931లో, కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ సర్పగంధ వేరు ఉన్మాదాన్ని అణచుతుందని ఒక వైద్య పత్రికలో రాశారు. ఆ వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను 1950ల చివర్లో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు ఎక్కించాడు. అవి చెవులు వాల్చేసి, ఎక్కడివక్కడ చతికిలబడిపోయాయి. వాటికి ఎల్-డోపా ఇంజెక్షన్ ఇస్తే కాసేపటికే లేచి గెంతాయి. ఎల్-డోపా మెదడులో డోపమిన్ అనే రసాయనంగా మారుతుంది. ఆ డోపమిన్ పోతే జీవికి కదలాలన్న ప్రేరణ పోతుందని, తిరిగి అందితే ఆ ప్రేరణ తిరిగొస్తుందని లోకానికి తెలిసింది ఆ కుందేళ్ల వల్లే. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. మంచం మీద గోడకేసి చూస్తున్న కుర్రాడి కథకూ ఆ వాలిన చెవులకూ దగ్గర చుట్టరికముంది.

డోపమిన్ ఎక్కువైతే సైకోసిస్ వస్తుందని, కాబట్టి తగ్గిస్తే చాలని చాలాకాలం అనుకున్నారు. తర్వాత తేలింది వేరు. గోదావరి, కృష్ణా ఆయకట్టు రైతులకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. కాలువ మొదట్లో ఉన్న పొలాలు నీళ్లెక్కువై మునిగిపోతుంటాయి. అదే కాలువ కింద శివారు పొలాలు బీటలువారి ఉంటాయి. స్కిజోఫ్రీనియాలో మెదడు పరిస్థితి దాదాపు ఇదే. లోపలి భాగమైన స్ట్రయేటంలో డోపమిన్ పొంగిపొర్లుతుంది. నుదుటి వెనక ఉండి, ఆలోచనను, పూనికను నడిపే భాగానికి మాత్రం చాలినంత అందదు. అమెరికాలో స్కానింగ్ పరిశోధనలు ఈ రెండు ముక్కలనూ విడివిడిగా చూపించాయి. 1996లో మార్క్ లారుయెల్ బృందం స్ట్రయేటంలో పొంగును చూసింది. 2015లో అనిసా అబి-దర్గామ్ బృందం నుదుటి భాగంలో కొరతను చూసింది. రెండు చోట్లా కొలవడానికి వాడిన సాధనం ఆంఫెటమినే.

యాంటీ సైకోటిక్ మందు మొదటి పొలాల మడవలు కట్టేస్తుంది. మునక ఆగుతుంది, గొంతులు తగ్గుతాయి. శివారు పొలానికి దానితో ఒరిగేదేమీ లేదు. డోసు మరీ ఎక్కువైతే ఉన్న తేమా పోతుంది. ఉత్తేజకం చేసే పని కాలువలో నీటిమట్టం పెంచడం. మొదటి మడవలు గట్టిగా కట్టి ఉంచి, పైనుంచి నీళ్లు వదిలితే శివారుకు చేరతాయా? చేరవచ్చు. గండి పడవచ్చు కూడా. వాదమంతా ఈ రెండింటి మధ్యనే.

చేరతాయనడానికి ఆధారాలున్నాయి. 1980లలో న్యూయార్క్‌లో బర్ట్ ఆంగ్రిస్ట్ ఆంఫెటమిన్ ఇచ్చిన కొందరు రోగుల్లో నెగటివ్ లక్షణాలు కొంత తగ్గడం చూశాడు. 2005లో డియన్నా బార్చ్, కామెరాన్ కార్టర్ యాంటీ సైకోటిక్ వాడుతున్నవారికి ఒక్క డోసు ఇచ్చి, మనసులో విషయాన్ని పట్టి ఉంచుకునే శక్తి, వేగం మెరుగుపడ్డాయని చూపించారు. డెన్మార్క్‌లో దేశవ్యాప్త ఆరోగ్య రికార్డులు వెతికిన పరిశోధకులు 2018లో ఇంకా ఆసక్తికరమైన సంగతి రాశారు. స్కిజోఫ్రీనియా ఉన్నవారికి డాక్టర్లు ఉత్తేజకం మొదలుపెట్టాక, అంతకు ముందుతో పోలిస్తే ఆస్పత్రిలో చేరడం పెరగలేదు సరికదా తగ్గింది. అయితే అక్కడ ఆ మందు ఎవరికి ఇవ్వాలో డాక్టర్లే ఏరుకున్నారు. తట్టుకుంటారనుకున్నవారికే ఇచ్చి ఉంటారు. దాన్నిబట్టి అందరికీ ఇవ్వొచ్చనుకుంటే పొరపాటు.

అన్నిటికంటే ఎక్కువ నేర్పేది 2013లో అచ్చయిన లిస్‌డెక్సాంఫెటమిన్ అనే ఉత్తేజకం ప్రయోగం. జబ్బు కుదుటపడి, నెగటివ్ లక్షణాలు ప్రధానంగా మిగిలిన 92 మందికి, వాడుతున్న మందుకు తోడుగా పది వారాలు ఇచ్చారు. సగానికి పైగా రోగుల్లో ఆ లక్షణాల కొలత 20 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గింది. పాజిటివ్ లక్షణాలు ముదరలేదు. ఇక్కడితో ఆపితే పండగే. కానీ ఆ పది వారాలూ ఏ మాత్ర మింగుతున్నదీ రోగికీ డాక్టరుకూ తెలుసు. తర్వాత 69 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అదే మందు, రెండో జట్టుకు ఉత్తుత్తి మాత్ర, ఎవరికేదో తెలియకుండా నాలుగు వారాలు ఇచ్చారు. రెండు జట్లకూ తేడా కనబడలేదు. మందు ఆపినవారికి జబ్బు ముదరలేదు, కొనసాగించినవారికి అదనపు మేలూ కనిపించలేదు. పది వారాల మేలు మందు వల్లా, డాక్టరు తరచూ పలకరించడం వల్లా అన్నది తేలకుండానే మిగిలిపోయింది.

ఇక గండి మాట. 2004లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన సమీక్ష పాత ప్రయోగాలన్నింటినీ ఒకచోట చేర్చింది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు ఒక్క డోసు ఉత్తేజకం ఇస్తే 50 నుంచి 70 శాతం మందిలో సైకోసిస్ కాసేపు ముదిరింది. యాంటీ సైకోటిక్ వాడుతున్నారన్న ధీమా అక్కడ పనిచేయలేదు. తీవ్ర లక్షణాలు లేనివారిలోనూ 30 శాతం మందికి అదే జరిగింది. జబ్బు లేనివాళ్ల విషయం కూడా తెలుసుకోవాలి. ఏకాగ్రత లోపానికి ఈ మందులు వాడే యువత మీద 2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనం 2,21,846 మందిని లెక్కలోకి తీసుకుంది. దాదాపు 660 మందిలో ఒకరికి కొత్తగా సైకోసిస్ వచ్చింది. మిథైల్ ఫెనిడేట్ వాడినవారిలో 0.10 శాతం, ఆంఫెటమిన్ వాడినవారిలో 0.21 శాతం. అంటే ఉత్తేజకాలన్నీ ఒక్క గాటన కట్టడం కూడా సరికాదు.

ఇంత తెలిశాక ఈ మందు మాటే ఎత్తకూడదని కొందరు పెద్ద డాక్టర్లంటారు. ఆ మాటను గౌరవించాలి, కానీ పూర్తిగా ఒప్పుకోలేం. 30 శాతం మందిలో ముదిరిందంటే, మిగిలిన 70 శాతం మందిలో ముదరలేదనే కదా. వాళ్లెవరో ముందే గుర్తుపట్టగలిగితే, ఇరవై ఏళ్లుగా మంచానికి అంటుకుపోయిన మనిషిని కనీసం వాకిట్లోకైనా తేగల మందును తలుపు బయటే నిలబెట్టడం ఏం న్యాయం? నెగటివ్ లక్షణాల కోసమే అని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఇంతవరకు ఒక్క మందుకూ అనుమతి ఇవ్వలేదు. 2024 సెప్టెంబరులో అక్కడ అనుమతి పొందిన జనోమెలిన్-ట్రోస్పియం డోపమిన్ తలుపులను నేరుగా మూయకుండా వేరే దారిలో పనిచేసే కొత్త మందే. అదైనా సామాన్యుడి చేతికి అందేసరికి ఎన్నాళ్లు పడుతుందో! మిథైల్ ఫెనిడేట్ మాత్రం ఎనభై ఏళ్ల నాటి మందు, ఇప్పటికే మన మందుల షాపుల్లో ఉంది.

అయితే కలపడానికి ముందు తీయడం నేర్చుకోవాలి. దీర్ఘకాలిక రోగుల చీటీల్లో రెండేసి యాంటీ సైకోటిక్‌లు, వాటి దుష్ఫలితాలకో మాత్ర, నిద్రకో మాత్ర కనిపించడం అరుదేమీ కాదు. హాలోపెరిడాల్ వంటి యాంటీ సైకోటిక్ డోసు ఎక్కువైతే మొహం బిగుసుకుంటుంది, నడక మందగిస్తుంది. చూసేవారికి అదీ నెగటివ్ లక్షణంలాగే ఉంటుంది. కుంగుబాటు, థైరాయిడ్, రక్తహీనత, పగలంతా మత్తు కూడా అలాగే మోసం చేస్తాయి. డోసు సర్ది, మత్తు తగ్గే మందుకు మార్చినా కొందరు లేచి కూర్చుంటారు. నెగటివ్ లక్షణాలు ప్రధానంగా ఉన్న 461 మంది మీద 26 వారాలు జరిపి 2017లో లాన్సెట్ పత్రికలో అచ్చయిన ప్రయోగంలో రిస్పెరిడోన్ అనే యాంటీ సైకోటిక్ కంటే కారిప్రజిన్ అనే మరొకటి మెరుగని తేలింది. ఆ మందు మన దేశంలోనూ దొరుకుతుంది. ఇవేవీ చూడకుండా ఉత్తేజకం రాయడమంటే, మడవలో గడ్డి తీయకుండా పైనుంచి నీళ్లు వదలమని లాకు దగ్గర గొడవపడటమే.

అన్నీ చూశాక కూడా మనిషి లేవకపోతే, అప్పుడు ఉత్తేజకాన్ని పరీక్షించాలి. కొన్ని నెలలుగా గొంతులు, అనుమానాలు లేవని రూఢి కావాలి. గంజాయి, మద్యం అలవాటు ఉండకూడదు. గుండె, బీపీ చూడాలి. మాత్ర ఇంట్లో ఒకరి చేతిలో ఉండాలి. మొదటి వారాల్లో డాక్టరు తరచూ చూడాలి. ఎప్పటికల్లా మేలు కనబడకపోతే ఆపేయాలో మొదటి రోజే చీటీ మీద రాయాలి. అన్నిటికంటే ముందు, రోగికే సంగతి విడమరచి చెప్పి ఒప్పించాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అతనికి ఆ హక్కు ఇచ్చింది. తల్లిదండ్రులు సంతకం పెట్టినంత మాత్రాన సరిపోదు.

మన దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. మిథైల్ ఫెనిడేట్ మాదక ద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది కాబట్టి కాస్త కట్టడి ఉంది. మొడాఫినిల్‌ను మాత్రం పరీక్షల ముందు నిద్ర రాకుండా ఉండటానికని కుర్రాళ్లు చీటీ లేకుండానే సంపాదిస్తున్నారు. ఇది పాత ఉత్తేజకాల కంటే సౌమ్యమైన మందు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పనిచేసిన చిత్తరంజన్ ఆండ్రాడే మరికొందరితో కలిసి దీని మీద జరిగిన ప్రయోగాలన్నీ కూడి చూశారు. నెగటివ్ లక్షణాల్లో వచ్చిన మేలు చిన్నదేనని 2015లో రాశారు. అంత చిన్న మేలు కోసం ఏ తండ్రీ షాపుకు పోయి సొంతంగా కొని కొడుక్కి వేయకూడదు.

లాభం లెక్క సంగతికొద్దాం. మిథైల్ ఫెనిడేట్ మీద పేటెంట్ ఎప్పుడో తీరిపోయింది. దాన్ని స్కిజోఫ్రీనియాలో పరీక్షించడానికి కోట్లు పెట్టే కంపెనీ ఉండదు, ఎందుకంటే ఫలితం బాగున్నా సొమ్ము వేరేవాడికి పోతుంది. సర్కారు పూనుకోవాల్సింది సరిగ్గా ఇలాంటి చోటే. భారత వైద్య పరిశోధన మండలి డబ్బు పెట్టి, నిమ్హాన్స్ దారి చూపి, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖ మానసిక వైద్యశాల వంటి పెద్ద ఆస్పత్రులు చేతులు కలిపితే ఈ ప్రశ్నకు మన నేల మీదే జవాబు దొరుకుతుంది. నాలుగు వారాలు కాదు, కనీసం ఏడాది చూడాలి. కొలవాల్సింది స్కేలు మీద మార్కులొక్కటే కాదు. తనంతట తాను స్నానం చేశాడా, బస్సెక్కి బజారుకు వెళ్లొచ్చాడా, చెల్లెలి ఫోనుకు తానుగా జవాబిచ్చాడా అన్నవి కొలవాలి.

అసలు వైద్యమే అందనివారు అంతమంది ఉండగా ఈ ముచ్చట్లు ఎందుకని అడిగేవారున్నారు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం తీవ్ర మానసిక జబ్బులున్న నలుగురిలో దాదాపు ముగ్గురికి వైద్యం అందడం లేదు. నిజమే, ముందు వాళ్లకు మందు చేరాలి. కానీ మందు చేరిన నాలుగో మనిషి పదేళ్ల తర్వాత మంచం మీద గోడకేసి చూస్తూ ఉంటే, ఆ ఊళ్లో మిగిలిన మూడు ఇళ్లవాళ్లు ఆస్పత్రి మీద నమ్మకం ఎలా పెంచుకుంటారు? "మందులు వాడితే ఇలాగే మొద్దుబారిపోతారు" అన్న మాట పల్లెల్లో వైద్యానికి అడ్డుపడుతున్న మాటల్లో ఒకటి. పైగా మాత్ర ఒక్కటే మనిషిని నిలబెట్టదు. 1984లో శారదా మీనన్ చెన్నైలో స్థాపించిన స్కార్ఫ్ సంస్థ రోగులకు పని నేర్పడం, నలుగురిలో కలపడం వైద్యంలో భాగమని నలభై ఏళ్లుగా చేసి చూపిస్తోంది. తెలుగు జిల్లాల్లో అలాంటి చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఉత్తేజకం వల్ల కుర్రాడు లేచి కూర్చున్నాడే అనుకుందాం. లేచి వెళ్లడానికి ఒక చోటు ఉండాలి కదా!

ఇది చదివిన తల్లిదండ్రులకు ఒక్క మనవి. మాత్ర పేరు కాగితం మీద రాసుకుని షాపుకు వెళ్లకండి. ఆ కాగితం మీద వేరేవి రాయండి. గడిచిన వారంలో అబ్బాయి రోజూ ఎన్నింటికి లేచాడు, ఎన్నిసార్లు స్నానం చేశాడు, అడగకుండా ఎన్ని మాటలు మాట్లాడాడు, ఎన్ని బీడీలు కాల్చాడు. బీడీ పొగ ఓలాంజపిన్, క్లోజపిన్ అనే యాంటీ సైకోటిక్ మందుల స్థాయిని ఒంట్లో తగ్గించేస్తుంది కాబట్టి ఆ లెక్క డాక్టరుకు చాలా అవసరం. వచ్చే ఓపీ రోజున "గొంతులు వినబడటం లేదండీ, బాగానే ఉన్నాడు" అని రెండు ముక్కల్లో ముగించకుండా ఆ కాగితం డాక్టరు ముందు పెట్టి, "ఇది కూడా జబ్బేనా అండీ, దీనికేం చేద్దాం" అని అడగండి. దగ్గర్లో డాక్టరు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడతారు.